కొల్లేటి చుట్టూ రైలు కేబిన్లు

సిగ్నల్ కేబిన్ అంటే స్టేషన్‌లోని పాయింట్లనూ (బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్ళించే కదిలే పట్టాలు) సిగ్నళ్ళనూ ఒకే చోటి నుంచి చేత్తో నడిపే గది. స్టేషన్ చివర, పట్టాలకు దగ్గరగా, వెడల్పు తక్కువగా పొడుగ్గా రెండంతస్తుల్లో కట్టేవారు. పై అంతస్తుకు మూడు వైపులా కిటికీలు, బయటి నుంచి ఎక్కే మెట్లు, పైన పెంకుల కప్పో శ్లాబో ఉండేవి. పట్టాల వైపు గోడ మీద పెద్ద అక్షరాలతో స్టేషన్ పేరు, ‘ఎ కేబిన్’ అనో ‘తూర్పు కేబిన్’ అనో రాసి ఉండేది. ఇంగ్లండులో, అమెరికాలో పేర్లు వేరైనా, కట్టడం తీరు కొంత మారినా లోపల జరిగే పని ఒక్కటే. బండి ఏ లైనులోకి రావాలో నిర్ణయించి, ఆ దారి సిద్ధం చేసి, గట్టిగా బిగించి, ఆ తర్వాతే డ్రైవరుకు సిగ్నల్ ఇవ్వడం.

కొల్లేరు సరస్సును మధ్యలో ఉంచి, ఇలాంటి కేబిన్లతో నడిచిన రెండు రైలుమార్గాలు విజయవాడ దగ్గర విడిపోయి నిడదవోలులో కలుస్తాయి. ఉత్తరాన ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా పోయేది మెయిన్ లైన్. దక్షిణాన గుడివాడ, కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం, తణుకు మీదుగా డెల్టా చేల నడుమ పోయేది రెండోది. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరును ఈ రెండో మార్గం దాటుతుంది. మెయిన్ లైను మీద ఏ ఆటంకం వచ్చినా మద్రాసు, హౌరా బండ్లను భీమవరం మీదుగా మళ్ళించడానికి ఈ దారి అక్కరకొస్తుంది. అటువంటి రోజుల్లో, ప్యాసింజర్లకూ గూడ్సు బండ్లకూ అలవాటుపడిన చిన్న స్టేషన్ల కేబిన్లు పెద్ద ఎక్స్‌ప్రెస్‌లను ఒకదాని వెనుక ఒకటిగా దాటించాల్సి వచ్చేది.

రెండు మార్గాల పుట్టుకా వేరు. మెయిన్ లైను ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసినది. బెజవాడ నుంచి కటకం దాకా 1893, 1896 సంవత్సరాల మధ్య ముక్కలుముక్కలుగా తెరిచారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో పూర్తయ్యాక అది తెగని దారి అయింది. 1901లో దాని దక్షిణ భాగం మద్రాసు రైల్వే చేతికి, 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి వచ్చింది. డెల్టా మార్గం అంత తొందరగా రాలేదు. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు మీటర్ గేజి 1908 నాటికి వచ్చింది. గుడివాడ నుంచి భీమవరం దాకా పొడిగింపు 1928లో జరిగింది. ఉండి మీదుగా బండి నడవడం అప్పటి నుంచే. నిడదవోలు నుంచి భీమవరం మీదుగా నరసాపురానికి ఉన్నది బ్రాడ్ గేజి శాఖ. అందువల్ల భీమవరంలో రెండు గేజీలు ఎదురుపడ్డాయి. గుడివాడ వైపు నుంచి వచ్చిన సరుకు నిడదవోలు దాటి పోవాలంటే అక్కడ పెట్టె మార్చాల్సిందే. 1960ల మొదట్లో గేజి మార్పిడి జరిగాక గానీ ఆ బాధ తీరలేదు. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు రెండు మార్గాలూ దాని కిందికి వచ్చాయి.

రైళ్ళు వచ్చిన తొలిరోజుల్లో ఏ దేశంలోనూ కేబిన్ లేదు. పాయింటు ఎక్కడుంటే దాని లీవరు అక్కడే. బండి వస్తోందంటే పాయింట్స్‌మ్యాన్ అక్కడిదాకా నడిచి వెళ్ళి తిప్పాలి. సిగ్నల్ మరో చోట, మరో మనిషి చేతిలో. పాయింటు స్టేషన్‌లోని పక్క లైనుకు (లూపు లైను) తిరిగి ఉండగా నేరుగా పోయే మెయిన్ లైనుకు సిగ్నల్ ఇవ్వడం, బండి సగం దాటాక పాయింటు తిప్పడం, రెండూ మనిషి చేయగల తప్పులే, రెండూ ప్రాణాంతకాలే. ఇంగ్లండులో చార్లెస్ హట్టన్ గ్రెగరీ 1841లో న్యూ క్రాస్ దగ్గర స్తంభానికి కదిలే చెయ్యి ఉన్న సిగ్నల్ నిలబెట్టాడు. కొద్ది ఏళ్ళకే లండన్ దగ్గర బ్రిక్లేయర్స్ ఆర్మ్స్ జంక్షన్‌లో సిగ్నళ్ళను నడిపే మీటలను ఒకే అరుగు మీదికి చేర్చాడు. 1856లో జాన్ శాక్స్‌బీ పాయింట్లనూ సిగ్నళ్ళనూ ముడిపెట్టే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అందులో రెండూ కలిసి కదిలేవి. పాయింటు పూర్తిగా సర్దుకున్నాకే సిగ్నల్ కదలాలన్న క్రమం మాత్రం లేదు. ఆ క్రమం ఆస్టిన్ చాంబర్స్ చేతుల మీదుగా 1860 ప్రాంతంలో కుదిరింది. ఇంటర్‌లాకింగ్ అన్న మాటకు అసలు అర్థం అక్కడ పుట్టింది. 1889లో ఐర్లండులోని ఆర్మా ప్రమాదంలో దాదాపు 80 మంది చనిపోయాక, బ్రిటన్‌లో ప్రయాణికుల బండ్లు నడిచే లైన్లకు, రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒకే బండిని ఉంచే బ్లాక్ పద్ధతి, ఇంటర్‌లాకింగ్ చట్టప్రకారం తప్పనిసరి అయ్యాయి.

భారతదేశంలో ఇంటర్‌లాకింగ్ ముందు తాళంచెవుల రూపంలో వచ్చింది. 1890ల్లో నార్త్ వెస్టర్న్ రైల్వే మీద లిస్ట్, మోర్స్ అనే ఇద్దరి పేరుతో ఒక పద్ధతి మొదలైంది. పాయింటును సరైన లైనుకు తిప్పి తాళం వేస్తేనే దాని చెవి బయటికి వస్తుంది. ఆ చెవి తెచ్చి సిగ్నల్ మీట దగ్గరి తాళంలో పెడితేనే ఆ మీట కదులుతుంది. ఖర్చు తక్కువ, యంత్రం చిన్నది, రోజుకు నాలుగైదు బండ్లు నడిచే స్టేషన్‌కు చాలు. అయితే ప్రతి బండికీ చెవి పట్టుకుని స్టేషన్ ఆ చివరికీ ఈ చివరికీ నడవాలి. హెప్పర్ అనే సైనిక ఇంజనీరు రూపొందించిన కీ ట్రాన్స్‌మిటర్ వచ్చాక ఆ నడక తగ్గింది. ఒక చివర చెవి పెట్టి తిప్పితే కరెంటు తీగ ద్వారా రెండో చివర దాని జత చెవి విడుదలవుతుంది. బండ్లు పెరిగిన జంక్షన్లకూ పెద్ద స్టేషన్లకూ ఇది చాలలేదు. వాటికి లీవర్లన్నీ ఒకచోట ఉన్న కేబినే కావాల్సి వచ్చింది. చిన్న స్టేషన్లలో తాళాల పద్ధతి చాలాకాలం నిలిచింది.

కేబిన్ ఎత్తుగా ఉండటానికి రెండు కారణాలు. ఒకటి చూపు. బండి వెళ్ళిపోయిందని కేబిన్‌మ్యాన్ చెప్పాలంటే ఇంజను కనబడితే చాలదు, చివరి పెట్టె కనబడాలి. దాని వెనుక పగలు ‘ఎల్‌వి’ బోర్డు, రాత్రి ఎర్రదీపం ఉంటాయి. అవి కనబడకుండా బండి దాటిందంటే కొన్ని పెట్టెలు తెగి వెనుక, రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లో ఉండిపోయాయేమోనని అనుమానించాలి. మూడు వైపుల కిటికీలూ ఈ చూపు కోసమే. రెండో కారణం కింది గది. లీవర్ల కింది భాగాలు, వాటిని ఒకదానితో ఒకటి కట్టిపడేసే లాకింగ్, బయటికి పోయే రాడ్లు, తీగలు తిరిగే క్రాంకులు, కప్పీలు అన్నీ అందులోనే ఉంటాయి. పై గది మనిషిది, కింది గది యంత్రానిది. కింది గదికి తాళం వేసి ఉంచేవారు. లాకింగ్ మీద చెయ్యి వేసే అధికారం సిగ్నల్ విభాగానిదే తప్ప కేబిన్ నడిపేవారికి లేదు.

పై గదిలో లీవర్లు వరసగా నిలబడి ఉంటాయి. ఎర్ర రంగువి బండిని ఆపే సిగ్నళ్ళవి, నల్లవి పాయింట్లవి, నీలివి పాయింటును బిగించే లాకులవి, గోధుమరంగువి లెవెల్ క్రాసింగ్ గేట్లవి, తెల్లవి వాడుకలో లేనివి. ప్రతి లీవరుకూ ఒక నంబరు. దాని కింద బిళ్ళ మీద, ఈ లీవరు లాగడానికి ముందు ఏయే లీవర్లు లాగి ఉండాలో ఆ నంబర్లు వరసగా రాసి ఉంటాయి. లీవరు వెనుక చిన్న పిడి ఉంటుంది. దాన్ని వేళ్ళతో నొక్కితే గానీ లీవరు తన గాడి నుంచి విడివడదు. దూరపు సిగ్నల్ లీవరు లాగడం బలం కన్నా కిటుకు ఎక్కువగా కావాల్సిన పని. రెండు చేతులతో పట్టుకుని, ఒక కాలు ముందుకు తన్నిపెట్టి, ఒంటి బరువంతా వెనక్కి వేస్తే వందల మీటర్ల తీగ ఒక్క ఊపులో బిగుసుకుని అక్కడ చెయ్యి పడుతుంది.

లాకింగ్ ఎలా పని చేస్తుందో చూస్తే కేబిన్ మొత్తం అర్థమవుతుంది. ప్రతి లీవరుకూ ఒక చదునైన ఉక్కు పట్టీ తగిలించి ఉంటుంది. దాన్ని ట్యాపెట్ అంటారు. లీవరుతో పాటు అదీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పట్టీ అంచున గాడులు కోసి ఉంటాయి. ఈ పట్టీలకు అడ్డంగా చిన్న ఉక్కు దిమ్మలు జరుగుతుంటాయి. ఒక పట్టీ కదిలితే దాని గాడిలోంచి దిమ్మ పక్కకు నెట్టబడి, పక్క పట్టీ గాడిలోకి గడియలా దిగుతుంది. ఇక ఆ రెండో లీవరు ఎంత లాగినా రాదు. ఉదాహరణకు 5వ నంబరు లూపు లైను పాయింటు, 6 దాని లాకు, 3 లూపు లైనుకు హోమ్ సిగ్నల్ (స్టేషన్‌లోకి రానిచ్చేది), 2 మెయిన్ లైనుకు హోమ్ సిగ్నల్ అనుకుంటే, 5 లాగిన క్షణం నుంచి 2 బిగుసుకుపోతుంది. 6 లాగందే 3 రాదు. 3 లాగాక 5, 6 రెండూ వెనక్కి పోవు. సిగ్నల్ వెనక్కి వేసి, లాకు విప్పి, ఆ తర్వాతే పాయింటు తిప్పాలి. 12 లీవర్లున్న చిన్న కేబిన్‌లో లీవర్లను 4,096 రకాలుగా అమర్చవచ్చు. వాటిలో బండికి క్షేమమైనవి బహు కొద్ది. మిగతావాటన్నిటినీ ఆ ఉక్కు దిమ్మలు ముందే మూసేస్తాయి. నిద్రమత్తులో ఉన్నవాడు, కొత్తగా చేరినవాడు, కంగారుపడినవాడు ఎవరైనా సరే, తప్పు లీవరు మీద చెయ్యి వేస్తే అది కదలదు, అంతే. యంత్రశాస్త్రం రైలు ప్రయాణికుడికి చేసిన మేలుల్లో ఇంత నిశ్శబ్దంగా ఇంత గొప్పగా పని చేసింది మరొకటి లేదు.

కేబిన్ బయట పనిముట్లది వేరే కథ. పాయింట్లను కదిపేది ఉక్కు రాడ్లు. రోలర్ల మీద పట్టాల పక్కనే సాగుతాయి. సిగ్నళ్ళను లాగేది తీగలు, చిన్న గుంజలకు బిగించిన కప్పీల మీదుగా పోతాయి. రాడ్డుతో పాయింటును తిప్పగల దూరానికి హద్దు ఉంది. కొన్ని వందల మీటర్లు దాటితే రాపిడి, వంపు కలిసి పాయింటు పూర్తిగా మూసుకోదు. పొడుగాటి స్టేషన్లకు ఒక్కో చివర ఒక్కో కేబిన్ కట్టాల్సి రావడానికి కారణం ఇదే.

కోస్తా ఎండల్లో ఇంకో చిక్కు. ఉక్కు మీటరుకు, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. తెల్లవారుజామున 20 డిగ్రీలున్న రాడ్డు మధ్యాహ్నపుటెండకు 45 డిగ్రీలకు వేడెక్కితే, 200 మీటర్ల రాడ్డు 60 మిల్లీమీటర్లు సాగుతుంది. పాయింటు నాలుక కదలాల్సిన దూరమే సుమారు 11 సెంటీమీటర్లు. అంటే ఎండ ఒక్కటే పాయింటును సగం తిప్పేయగలదు. దీనికి విరుగుడు కాంపెన్సేటర్. రాడ్డును సరిగ్గా మధ్యలో తెంచి, రెండు ముక్కల నడుమ క్రాంకుల జత పెడతారు. ఒక ముక్క ముందుకు నెడితే రెండోది వెనక్కి లాగుతుంది. రెండు ముక్కల సాగుదల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. లీవరు ఇచ్చిన కదలిక మాత్రం చివరిదాకా చేరుతుంది. సిగ్నల్ తీగకు ఈ సౌకర్యం లేదు. ఎండలో తీగ వదులై చెయ్యి సగమే పడుతుంది, చలికి బిగుసుకుంటే అక్కర్లేకుండానే కొద్దిగా కదులుతుంది. అందుకే కేబిన్‌లో తీగ బిగువు సరిచేసే ఏర్పాటు పెట్టేవారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి దాన్ని సర్దుకోవడం అనుభవజ్ఞుడైన కేబిన్‌మ్యాన్‌కు అలవాటు.

పాయింటు దగ్గర మరో రెండు కాపలాలు ఉండేవి. ఒకటి లాక్ బార్. పట్టా లోపలి అంచున ఉండే పొడుగాటి ఇనుప బద్ద అది. పాయింటు లాకు విప్పాలంటే ఈ బద్ద ముందు పైకి లేవాలి. మీద చక్రం ఉంటే అది లేవదు. పెట్టె కింద చక్రాల మధ్య ఉండే ఎడం కంటే బద్ద పొడవు ఎక్కువగా పెడతారు కాబట్టి, బండి దాటుతున్నంతసేపూ ఏదో ఒక చక్రం దాని మీద ఉంటుంది. రెండోది డిటెక్టర్. సిగ్నల్ తీగకు కట్టిన పలక, పాయింటు నాలుకకు కట్టిన పలక ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. నాలుక పట్టాకు పూర్తిగా ఆనితేనే రెండిటి గాడులూ ఎదురెదురై తీగ కదులుతుంది. కంకరరాయి ఇరుక్కుని నాలుక కొద్దిగా తెరుచుకుని ఉన్నా సిగ్నల్ పడదు.

సిగ్నల్ చెయ్యి నిర్మాణంలోనూ ఇదే జాగ్రత్త. పాతకాలపు రెండు స్థితుల సిగ్నల్‌లో చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే పోవచ్చు. తీగ తెగితే చెయ్యి కిందికి పడిపోకుండా, బరువు అమరిక వల్ల దానంతట అదే అడ్డంగా నిలుస్తుంది. రాత్రి కోసం కిరోసిన్ దీపం, దాని ముందు చెయ్యితో పాటు కదిలే అద్దాలు ఉంటాయి. ఆకుపచ్చ వెలుగు చూపే అద్దం నిజానికి నీలిఛాయది. కిరోసిన్ మంట పసుపు కలిసి డ్రైవరు కంటికి ఆకుపచ్చగా కనిపిస్తుంది. సాయంత్రం పూట దీపాలు పట్టుకుని ఒక్కో స్తంభం నిచ్చెన ఎక్కి దిగే ల్యాంప్‌మ్యాన్ పని, గాలివాన రోజుల్లో స్టేషన్‌లో అందరికన్నా కష్టమైనది.

ఉండి, ఆకివీడు వంటి స్టేషన్లున్న ఒకప్పటి సింగిల్ లైను మీద ఇంకో భయం ఉండేది, ఎదురెదురు బండ్లు. దీనికి టోకెన్ పద్ధతి. నీల్స్ యంత్రంలో టోకెన్ ఒక లోహపు బంతి. దాని మీద ఏ రెండు స్టేషన్ల మధ్యదో చెక్కి ఉంటుంది. రెండు స్టేషన్లలోనూ యంత్రాలు తీగతో కలిసి ఉంటాయి. ఒకదాని నుంచి బంతి బయటికి వచ్చిందంటే, అది ఏదో ఒక యంత్రంలోకి తిరిగి చేరేదాకా రెండిటి నుంచీ మరో బంతి రాదు. బంతిని తోలుసంచిలో వేసి, పెద్ద వలయానికి తగిలించి, నడుస్తున్న ఇంజను మీది మనిషికి అందించేవారు. ఆ బంతి చేతిలో లేనిదే డ్రైవరు ఆ సెక్షన్‌లో అడుగు పెట్టకూడదు. డబుల్ లైనైన మెయిన్ లైను మీద బంతికి బదులు బ్లాక్ యంత్రం. దానికి లైన్ క్లోజ్డ్, లైన్ క్లియర్, ట్రెయిన్ ఆన్ లైన్ అని మూడు స్థితులు. గంట కొట్టడానికీ లెక్క ఉంది. పిలుపుకు ఒకటి, లైన్ క్లియర్ అడగడానికి రెండు, బండి సెక్షన్‌లోకి వెళ్ళిందని మూడు, బయటపడిందని నాలుగు, ప్రమాదమైతే ఆరు.

కేబిన్‌మ్యాన్ తనంత తాను బండిని స్టేషన్‌లోకి పిలిచేవాడు కాదు. ఏ లైనులోకి తీసుకోవాలో స్టేషన్ మాస్టర్ చెప్పాలి, కేబిన్ లీవర్లను ఆపి ఉంచే తన దగ్గరి కంట్రోలు విడవాలి. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యంగా ప్రైవేటు నంబర్లు ఉండేవి. ఇద్దరి దగ్గరా అచ్చు వేసిన వేర్వేరు కాగితాల్లో వరస లేని అంకెలు ఉంటాయి. లైనులో అడ్డేమీ లేదని కేబిన్‌మ్యాన్ చెప్పినప్పుడు తన కాగితంలోని తర్వాతి అంకె కూడా చెప్పి దాన్ని కొట్టేస్తాడు. మాస్టరు ఆ అంకెను రిజిస్టరులో రాసుకుంటాడు. గేట్‌మ్యాన్‌తోనూ ఇదే పద్ధతి. లైనులో పెట్టెలు ఆగి ఉన్నా, పట్టాల పని జరుగుతున్నా ఆ లైను లీవరు పిడికి ఇనుప కాలరు తొడిగేవారు. మరిచిపోయి చెయ్యి వేస్తే ముందు కాలరే తగులుతుంది.

కేబిన్‌కు కాలం చెల్లడం కరెంటుతో మొదలైంది. ట్రాక్ సర్క్యూట్ వచ్చాక లైను మీద బండి ఉందో లేదో పట్టాల్లోని కరెంటే చెబుతుంది. యాక్సిల్ కౌంటర్ చక్రాలను లెక్కపెట్టి, బండి మొత్తం దాటిందో లేదో తేలుస్తుంది. పాయింటును మోటారు తిప్పుతుంది. రాడ్డు లేనప్పుడు దూరపు హద్దూ లేదు, రెండు చివర్లా రెండు కేబిన్లూ అక్కర్లేదు. 1950ల చివర బొంబాయి ప్రాంతంలో మొదలైన రిలే ఇంటర్‌లాకింగ్, ఆ తర్వాత స్టేషన్ మాస్టర్ బల్ల మీది ప్యానెల్, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వరసగా వచ్చాయి. విజయవాడ-విశాఖపట్నం మెయిన్ లైను విద్యుదీకరణ 1997 నాటికి పూర్తయింది. డెల్టా వైపు విజయవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, నిడదవోలు, మచిలీపట్నాలను కలిపే 221 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ పని 2011-12లో మంజూరై 2020ల మొదట్లో ముగిసింది. ఉండి మీదుగా ఇప్పుడు రెండు లైన్లు, పైన కరెంటు తీగ.

పరికరం మారినా సూత్రం మారలేదు. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనాగా బజార్ స్టేషన్‌లో, పాయింటు లూపు వైపు ఉండగా మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ పడి, కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన పొరపాట్లే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. కోరమండల్ రోజూ ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే బండే. నూరేళ్ళ కిందటి డిటెక్టర్ పలకలు ఆపడానికి పుట్టిన తప్పు కూడా సరిగ్గా అదే, పాయింటు ఒకవైపు, సిగ్నల్ మరోవైపు. పాత లీవర్లే మేలని దీని అర్థం కాదు. వాటితో ఇవాళ్టి వేగాలు, ఇన్ని బండ్లు నడపడం అసాధ్యం. అయితే ఇంటర్‌లాకింగ్ ఎందుకు పుట్టిందో, దానిలో ఒక్క లంకె తప్పితే ఏమవుతుందో కొత్తతరం సిగ్నల్ ఉద్యోగులకూ విద్యార్థులకూ కంటికి కనిపించేలా చూపగలిగేది పాత లీవర్ ఫ్రేము ఒక్కటే. ప్యానెల్ లోపల జరిగేది ఎవరికీ కనబడదు.

వాడుకలోంచి పోయిన కేబిన్లను కూల్చి, లీవర్లను తుక్కు కింద అమ్మడం దేశమంతటా జరుగుతున్నదే. భద్రపరిచిన చోట్ల కూడా రంగులు వేసిన లీవర్ల వరసను మాత్రమే నిలబెట్టి, కింది గదిలోని లాకింగ్‌ను వదిలేస్తున్నారు. అలా చేస్తే మిగిలేది కదలని ఇనుము. కొల్లేటి చుట్టూ ఉన్న రెండు మార్గాల్లో కనీసం ఒక్క కేబిన్‌నైనా, రెండు గదులతో, లాకింగ్ పట్టీలతో, గోడ మీది స్టేషన్ పటంతో సహా, లీవరు లాగి చూడగలిగే స్థితిలో ఉంచాలి. అది రైల్వే చేయగల పని, ఈ ప్రాంతపు ఇంజనీరింగ్ కళాశాలలు చేయి కలపగల పని.